తమ్ముడు పంపిన డబ్బు, బడి ఇవ్వాల్సిన పీరియడ్లు

ఆదోని వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే టీచరు రాసిన ఉత్తరం ఇది. తన పేరు, ఊరు పేరు వేయొద్దన్నారు. ఆరు నుంచి పది వరకు తరగతికి రెండు సెక్షన్లు, మొత్తం 430 మంది పిల్లలు. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన వారంలోనే తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు మరుగుదొడ్ల వెనక గోడ దగ్గర కర్చీఫ్‌లో పంచర్ సొల్యూషన్ పోసుకుని పీలుస్తూ అటెండరుకు దొరికారు. వాళ్లలో ఒకడి అమ్మానాయనలు ఏటా సంక్రాంతి దాటగానే గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. ఆ నెలలన్నీ వాడు అవ్వ దగ్గరే ఉంటాడు. ఇద్దరికీ టీసీ ఇచ్చి పంపేద్దామని హెచ్‌ఎం అంటున్నారు.

ఈ టీచరు నాయన ఇదే బడిలో తెలుగు పంతులుగా చాలా ఏళ్లు పనిచేశారు. తాగుడుతో లివర్ పాడై, రిటైర్ కాకముందే పోయారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడు ఈ పిల్లల సంగతి విని కదిలిపోయాడు. తన లక్షకు స్నేహితుల దగ్గర పోగుచేసిన 1,40,000 కలిపి 2,40,000 రూపాయలు పంపాడు. జనవరి చివర్లో నాయన వర్ధంతి రోజున మత్తుకు వ్యతిరేకంగా బడిలో పెద్ద కార్యక్రమం జరగాలన్నది అతని కోరిక. స్టేజీ, సౌండు, పిల్లలందరికీ టీషర్టులు, ర్యాలీ, మత్తు మానేసిన ఒక యువకుడి ప్రసంగం, డ్రోన్ వీడియో అన్నీ కలిపి 1,85,000 అని ఒక ఈవెంట్ సంస్థ కొటేషన్ ఇచ్చింది. మిగతా 55 వేలతో పిల్లలకు మూత్ర పరీక్ష కిట్లు కొందామని స్కూలు కమిటీ చైర్మన్ అంటున్నాడు. ఈ టీచరమ్మకేమో ఏడాది పొడుగునా తరగతిలో మత్తు నివారణ పాఠాలు నడపాలని ఉంది. అడిగితే లెక్కల సారు "నా పీరియడ్ ఒక్కటి కూడా ఇవ్వను, రిజల్ట్ తగ్గితే మెమో నాకొస్తుంది" అన్నారు. నాయన తాగుడు సంగతి మైకులో చెప్పించొద్దని అమ్మ ఏడ్చింది. "అక్కా, నీకు ప్రతిదాంట్లో తప్పే కనపడుతుంది" అని తమ్ముడు ఫోన్ చేయడం మానేశాడు. "డబ్బు వాడిది, బడి నాది. మంచి పనికి నేనే అడ్డం పడుతున్నానా?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఇద్దరు పిల్లల సంగతి.

సభ పెట్టినా పాఠాలు పెట్టినా అవి ఇంకా మొదలుపెట్టని పిల్లల కోసం. ఇప్పటికే కర్చీఫ్ పట్టుకున్నవాడికి కావాల్సింది వైద్యం, పక్కన ఒక మనిషి. పంచర్ సొల్యూషన్‌లో, వైట్‌నర్ థిన్నర్‌లో ఉండే టోలుయీన్ లాంటి ద్రావకాలు నేరుగా మెదడు మీద, గుండె లయ మీద పనిచేస్తాయి. ఒక్కసారి గట్టిగా పీల్చినా గుండె ఆగిపోయిన సందర్భాలు వైద్యులకు తెలుసు. మన దేశంలో పెద్దవాళ్లకంటే పిల్లల్లోనే ఎక్కువ శాతం మంది వాడే మత్తు ఇదొక్కటేనని ఢిల్లీ ఎయిమ్స్ నడిపిన జాతీయ సర్వే 2019లో తేల్చింది. పీల్చే మత్తు వల్ల సాయం అవసరమైన పిల్లలు దేశంలో 4.6 లక్షల మంది ఉంటారని ఆ నివేదిక అంచనా. గంజాయి దొరకాలంటే డబ్బు కావాలి, తెలిసినవాడు కావాలి. సొల్యూషన్ ట్యూబు సైకిల్ షాపులో ఎవరికైనా ఇస్తారు.

టీసీ ఇస్తే బడి పేరు నిలబడుతుందని హెచ్‌ఎం గారి ఆలోచన. ఎనిమిదో తరగతి లోపు పిల్లలైతే విద్యాహక్కు చట్టం పంపించనివ్వదు. వీళ్లు తొమ్మిది కాబట్టి ఆ రక్షణ లేదు, ఆయన ఇవ్వగలరు. ఇస్తే జరిగేది మాత్రం మీకు నాకంటే బాగా తెలుసు. సుగ్గికి పోయిన ఇంటి పిల్లవాడికి రోజు మొత్తం ఖాళీ, చూసేది ముసలి అవ్వ. వాడు అదే గోడకు అవతలి పక్కన కూర్చుంటాడు, మీ పిల్లలే గోడ దూకి వాడి దగ్గరికి పోతారు. కాబట్టి టీసీ మాట కొన్ని నెలలు పక్కన పెట్టమని హెచ్‌ఎం గారిని అడగండి. ఆదోని ఏరియా ఆసుపత్రిలో చూపించి, అక్కడి నుంచి కర్నూలు సర్వజన వైద్యశాల మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లే ఏర్పాటు చేయండి. ఆదోని నుంచి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. అవ్వ వెంట రావాలంటే బస్సు చార్జీలు, తిండి, పోగొట్టుకున్న ఆనాటి కూలి ఉంటాయి. చికిత్స ఉచితమే అయినా ఈ ఖర్చు దగ్గరే చాలామంది రెండోసారి రావడం మానేస్తారు. తమ్ముడి డబ్బులోంచి 20 వేలు ఈ రానుపోను ఖర్చులకే విడిగా పెట్టండి. మొత్తం డబ్బులో నాకు అన్నిటికంటే నమ్మకమున్న ఖర్చు ఇదే. మధ్యలో ఏం చేయాలో తోచకపోతే జాతీయ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. రెండూ ఉచితం.

ఇక సభ. పిల్లలు ఆ రోజు ఉత్సాహంగా ఉంటారు, టీషర్టులు వేసుకుంటారు, నినాదాలు చెబుతారు. అదేమీ చెడు కాదు. కానీ దానివల్ల మత్తు తగ్గుతుందా అంటే, ఇంతకంటే చాలా పెద్ద ఎత్తున చేసి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్ పోలీసులు 'డేర్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. యూనిఫాంలో ఉన్న ఆఫీసరు వారం వారం తరగతికి వచ్చి పాఠం చెప్పేవారు. దేశమంతా పాకింది, తల్లిదండ్రులు మెచ్చుకున్నారు. 1994లో పరిశోధకులు అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మత్తు వాడకం మీద ప్రభావం చాలా స్వల్పమని తేలింది. ఆ పాఠాలు విన్న పిల్లలకూ విననివాళ్లకూ దీర్ఘకాలంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2003లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే చెప్పింది. చివరికి 2009లో వాళ్లు పాత పాఠ్యాన్ని వదిలి, నైపుణ్యాలు నేర్పే కొత్తదానికి మారారు. వారం వారం వచ్చిన కార్యక్రమమే అలా తేలితే, ఒక పూట సభ మీద ఆశ పెట్టుకోవడం కష్టం. భయపెట్టే ఉపన్యాసాలు, కేవలం సమాచారం చెప్పడం, మత్తు మానేసినవాళ్ల అనుభవ కథనాలు వాడకాన్ని తగ్గించినట్టు ఆధారం లేదని ఐక్యరాజ్యసమితి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో తెచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల్లోనూ ఉంది. మానేసిన యువకుడి కథ విన్న పిల్లవాడు "మానుకోవచ్చు కదా, అన్న మానలేదా?" అనుకునే ప్రమాదం కూడా ఉంటుంది.

లెక్కల సారు దగ్గరికి కోపంగా కాదు, లెక్కతో వెళ్లండి. మీరు అడిగే పాఠాలు ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులకు, సెక్షన్‌కు ఏడాదికి 12 పీరియడ్లు అనుకుందాం. ఆరు సెక్షన్లకు 72 పీరియడ్లు. సభ రోజున పది సెక్షన్లకు ఎనిమిదేసి చొప్పున 80 పీరియడ్లు పోతాయి, ర్యాలీ రిహార్సల్స్ కాకుండానే. పైగా పదో తరగతిదీ పోతుంది, అదీ పరీక్షల ముందు జనవరిలో. ఈ 80 ఎవరి ఖాతాలోనూ పడవు కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. మీ 72 ఎవరో ఒకరి టైం టేబుల్లోంచి రావాలి కాబట్టి గొడవ.

ఇలాంటి పాఠాలకు అసలు ఖర్చు ఎక్కడుంటుందో 2002లో అమెరికాలోని రాండ్ అనే పరిశోధన సంస్థ వాళ్లు లెక్కకట్టారు. మంచి కార్యక్రమానికి పిల్లవాడికి 150 డాలర్లు ఖర్చయితే సమాజానికి సుమారు 840 డాలర్ల లాభం ఉంటుందని వాళ్ల అంచనా. ఆ డాలర్లు మన ఊరికి పనికిరావు, లెక్కవేసిన తీరు పనికొస్తుంది. పుస్తకాలు, శిక్షణ ఖర్చుతో ఆగకుండా పోయిన తరగతి సమయానికి కూడా వాళ్లు విలువ కట్టారు. మీ బడికీ అలాగే కడదాం. నెలకు 80 వేల జీతం, 140 పీరియడ్లు అనుకుంటే ఒక పీరియడ్ 570 రూపాయల దాకా పడుతుంది. 72 పీరియడ్లకు ఏటా 41 వేలు. ఈ డబ్బు ఎవరి జేబులోంచీ కొత్తగా పోదు, ప్రభుత్వం ఎలాగూ ఇచ్చే జీతమే. కానీ ఖర్చు ఖర్చే, దాన్ని దాచి అడిగితే సహోద్యోగులు నమ్మరు. ఒక సెక్షన్‌కు ఏడాది మొత్తంలో 12 పీరియడ్లంటే నూటికి ఒకటి కూడా కాదు. నాలుగు మీ సోషల్‌లోంచి, మూడు జీవశాస్త్రంలోంచి (కౌమార దశ పాఠం ఎలాగూ ఉంటుంది), మిగతావి తెలుగు, ఇంగ్లీషు, పీఈటీ పీరియడ్లలోంచి వస్తే లెక్కల సారును అడగాల్సిన పనే లేదు. ఆయన్ని మొదటి ఏడాది వదిలేయండి. పని కనపడితే ఆయనే వస్తారు, రాకపోయినా నడుస్తుంది.

డబ్బు ఖర్చు నా అంచనాలో ఇలా ఉంటుంది. ఈ మూడు తరగతుల్లో 220 మంది ఉంటారనుకుంటే వర్క్‌బుక్కుకు 45 రూపాయలు, ఏటా పదివేల లోపు. చార్టులు, కాగితాలకు మూడు వేలు, తల్లిదండ్రుల సమావేశాలకు నాలుగు వేలు. నలుగురు టీచర్లకు రెండు రోజుల శిక్షణ, కర్నూలు నుంచి వచ్చే నిపుణుడి ప్రయాణం, భోజనం, ఫీజు కలిపి మొదటి ఏడాది 20 వేలు, తర్వాత ఏటా ఎనిమిది వేలు. అంతా కలిపి మూడేళ్లకు 90 వేలు దాటదు. నెలకొకసారి కౌన్సెలర్‌ను రప్పిస్తే ఏటా ఇంకో 25 వేలు. అప్పుడు టీచర్ల సమయం విలువతో సహా మొదటి ఏడాది తలకు 470 రూపాయల లోపు పడుతుంది. సభకు కూడా పోయిన 80 పీరియడ్ల విలువ కలిపితే తలకు 530 పైచిలుకే. ఒకటి ఏడాదికి, ఇంకొకటి ఒక పూటకు.

శిక్షణ నలుగురికి అని ఎందుకన్నానంటే, మీకొక్కరికే ఇస్తే బదిలీల్లో మీరు వెళ్లిన రోజే ఆ పాఠాలు ఆగిపోతాయి. ప్రభుత్వ బడుల్లో ఇలాంటి మంచి పనులు చాలా వరకు ఆగేది డబ్బు అయిపోయి కాదు, ఒక మనిషి వెళ్లిపోయి. పాఠ్యం కొనొద్దు. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా పెట్టాలి, దాని 11 అంశాల్లో మత్తు నివారణ ఒకటి. మీ బడిలో ఆ ఇద్దరు ఎవరో రికార్డులో చూడండి, వాళ్ల పీరియడ్లు ఇప్పటికే టైం టేబుల్లో ఉండాలి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 'నవచేతన' పేరుతో బడిపిల్లలకు, టీచర్లకు, తల్లిదండ్రులకు మాడ్యూళ్లు తయారుచేసింది. వాటిని మీ పిల్లల మాటల్లోకి తెచ్చుకునే పని మీది.

ఆ మాటలే ముఖ్యం. మంచి పాఠంలో గంజాయి రసాయన ధర్మాల గురించి తక్కువ, సాయంత్రం బస్టాండు దగ్గర ఏం జరుగుతుందనే దాని గురించి ఎక్కువ ఉంటుంది. పిల్లల్ని ఇద్దరిద్దరుగా నిలబెట్టండి. ఒకడు పెద్ద తరగతి పిల్లోడిలా గుట్కా పొట్లం చాపి "ఒక్కసారి నోట్లో వేస్కోరా, ఏమైతాది? ఆడపిల్లవా?" అంటాడు. రెండోవాడు జవాబు చెప్పాలి. మొదటిసారి అందరూ "వద్దు" అని తల దించుకుంటారు. నాలుగోసారికి "నాకు పనుంది, పోతాండా" అని నడిచి వెళ్లడం, "నువ్వు తినుపో, నాకెందుకు చెప్తావ్" అని నవ్వేయడం వస్తాయి. స్నేహం తెగకుండా తప్పించుకోవడం నేర్చుకోవాల్సిన విద్య, అది ఉపన్యాసంతో రాదు. "అందరూ వాడతారు" అనే నమ్మకాన్ని కూడా తరగతిలోనే విరగ్గొట్టాలి. పేరు రాయకుండా చీటీల మీద అడిగితే, వాడనివాళ్లే ఎక్కువమంది అని పిల్లలకే తెలుస్తుంది. ఆ చీటీలనే ఏడాది మొదట్లో, చివర్లో పోల్చి దాచుకోండి. బెంగళూరు స్నేహితులకు పంపడానికి డ్రోన్ వీడియో కంటే గట్టి కాగితం అదే అవుతుంది.

అద్భుతాలు మాత్రం ఆశించొద్దు. ఎంత బాగా నడిపినా వందలో కొద్దిమంది పిల్లలు మొదలుపెట్టకుండా ఆగుతారు, ఇంకొంతమంది కొన్నేళ్లు ఆలస్యంగా మొదలుపెడతారు. ఆ లాభంలో పెద్ద భాగం పొగాకు, మద్యం దగ్గరే వస్తుందని రాండ్ లెక్కలోనూ తేలింది. మీ దగ్గరకు కర్ణాటక నుంచి గుట్కా, మద్యం టెట్రా ప్యాకెట్లు ఎలా వస్తాయో మీకు తెలుసు. గంజాయి బొమ్మ పెట్టిన ఫ్లెక్సీ కింద నిలబడి గుట్కా నమిలే ఊళ్లో, పాఠం గుట్కాతోనే మొదలవ్వాలి.

కిట్ల మాటకు నా సలహా వద్దనే. మామూలుగా దొరికే మూత్ర పరీక్ష కిట్లు గంజాయి లాంటివి పట్టుకుంటాయి, సొల్యూషన్‌ను పట్టుకోవు. అంటే మీ బడిలో కళ్లముందు జరిగినదాన్నే అవి చూడలేవు. కిట్‌కు దొరకనిదాని వైపే పిల్లలు పోతారు, అన్నిటికంటే ప్రమాదమైనదీ అదే. తల్లిదండ్రుల అనుమతి, తప్పుడు ఫలితం వస్తే ఆ పిల్లకు పడే ముద్ర, వాళ్ల ఇంట్లో గొడవ, ఇవేవీ 55 వేలలో లేవు. చైర్మన్‌ను కాదనకుండా ఇంకో పని అప్పగించండి. బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం. ఆ హద్దుకు రోడ్డు మీద పసుపు గీత గీయించాలని ప్రభుత్వ మార్గదర్శకాలు ఉన్నాయి. ఒక పెయింట్ డబ్బా ఖర్చు. పిల్లలకు పొగాకు, మద్యం, మాదకద్రవ్యం ఇస్తే బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కొట్టువాళ్లకు ఈ మాట మీరు చెబితే గొడవ, చైర్మన్ చెబితే వింటారు. వినకపోతే మత్తు పదార్థాల మీద పనిచేసే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972 ఉంది. పోలీసులను తరగతి గదిలోకి కాకుండా ఆ కొట్ల దగ్గరికి పిలవండి.

మీ తమ్ముడు పెట్టుకున్న తేదీలో ఒక చిక్కుంది, దాన్ని అతను గమనించి ఉండడు. జనవరి చివరికి సుగ్గి మొదలైపోతుంది. సభకు వచ్చేది పిల్లలు, ముసలివాళ్లు, అధికారులు. మీరు మాట్లాడాల్సిన తల్లిదండ్రులు గుంటూరు మిరప తోటల్లో ఉంటారు. వాళ్లను సంక్రాంతి లోపే కలవాలి, అదీ పొలం పనులు అయ్యాక రాత్రిపూట, వీధుల దగ్గరకే వెళ్లి. "మీరు పోయినాక బిడ్డ ఎవరి దగ్గర ఉంటాడు, వాడి చేతికి డబ్బు ఎవరిస్తారు, వారానికి ఎన్నిసార్లు ఫోన్ చేస్తారు" అనే మూడు ప్రశ్నలు చాలు. నిందించే మాట ఒక్కటి రాకూడదు. కడుపు కోసం పోయేవాళ్లను పిల్లల్ని వదిలేశారనడం అన్యాయం.

ఇప్పుడు తమ్ముడు. మీ ముందు ఉన్న దారులు చూద్దాం. అతను కోరినట్టే సభ చేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, కానీ డబ్బు అయిపోతుంది, వచ్చే ఏడాది ఎవర్నైనా అడిగితే "మొన్ననే చేశాం కదా" అంటారు. మీలో అసంతృప్తి మిగిలి, అది ఎప్పుడో ఒక రోజు మాటగా బయటపడుతుంది. డబ్బు వెనక్కి పంపితే మీ మాట నెగ్గుతుంది, పిల్లలకు మిగిలేది ఏమీ ఉండదు, స్నేహితుల ముందు అతను తలదించుకోవాలి. మూడోది మధ్యేమార్గం: ఆ రోజు 15 వేలలో చిన్న కార్యక్రమం. మంచి తెలుగు పద్యం చెప్పిన పిల్లలకు నాయన పేరు మీద బహుమతులు, ఆ వేదిక మీదే మూడేళ్ల పాఠాల ప్రకటన, నలుగురు టీచర్ల పరిచయం. అతని స్నేహితులకు ఫోటో ఉంటుంది, వచ్చే రెండేళ్లకూ పని ఉంటుంది. దీనికీ ఒక నష్టం ఉంది. అతను ఊహించుకున్న పెద్ద సభ కాదిది, మొదట చిన్నబుచ్చుకుంటాడు. అంకెలు చూపించి "నువ్వు తప్పు" అంటే ఇంకా దూరమవుతాడు. నేను మొగ్గేది ఈ దారికే. కానీ ఆ ఇంట్లో ఉండేది మీరు, తూకం మీరే వేయాలి.

ఒక మాట చనువుగా చెబుతాను. మీ ఉత్తరంలో సభ గురించి ఎంత రాశారో, నాయన గురించి అంత తక్కువ రాశారు. తమ్ముడు వేదిక కట్టి నాయన లోటును తీర్చుకోవాలని చూస్తున్నాడు, మీరు పాఠాలు కట్టి. ఇద్దరికీ బాధ ఒకటే. అతను అడిగేది ఆర్భాటం అని మీరనుకుంటే, మీరు అడిగేది తన ప్రేమను కాదనడం అని అతనికి వినపడుతోంది. కాబట్టి మొదటి ఫోన్‌లో బడ్జెట్ ఎత్తకండి. నాయన గురించి మాట్లాడండి. వీలైతే ఆదివారం అతన్ని రమ్మని, ఆ పిల్లవాడి అవ్వ ఇంటికి ఇద్దరూ కలిసి వెళ్లండి.

అమ్మ కోరిక పూర్తిగా గౌరవించాల్సిందే. నాయన పేరు పంతులుగానే వినపడాలి, తాగుడు మాట ఆ వేదిక మీదికి రానక్కర్లేదు. తరగతిలో మద్యం పాఠం వచ్చినప్పుడు కూడా మీ ఇంటి కథ చెప్పాలన్న నిర్బంధం లేదు. ముందు కూర్చున్నవాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఆ గొడవ ఉందో మీకు తెలుసు. "మీ ఇంట్లో పెద్దవాళ్లు తాగితే అది మీ తప్పు కాదు, ఎవరితోనైనా చెప్పుకోవచ్చు" అనే ఒక్క మాట ఆ పాఠంలో తప్పకుండా ఉండేట్టు చూడండి. దాని తర్వాత ఏ పిల్లయినా స్టాఫ్ రూము బయట ఊరికే నిలబడితే, ఆ రోజు మీ పీరియడ్ పోయినా ఫరవాలేదు.

ఈ వారంలో చేయాల్సినవి మూడు: హెచ్‌ఎం గారితో టీసీలు ఆపించడం, ఆ ఇద్దరినీ ఆసుపత్రికి పంపే రోజు ఖాయం చేయడం, సుగ్గికి పోయే ఇళ్ల జాబితా రాసుకోవడం. ఈవెంట్ సంస్థకు అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వొద్దు. ఇచ్చి ఉంటే ఎంత తిరిగొస్తుందో కనుక్కుని, ఆ అంకెతో తమ్ముడి దగ్గర కూర్చోండి.